అన్నం దొరికే చోట్లు

ఆత్మకూరు బస్టాండు దగ్గర కారు దిగగానే పచ్చిమిరపకాయల ఘాటు ముక్కుకు తగిలింది. దాని వెనకాలే వెల్లుల్లి వేసి దంచిన పుట్నాలపొడి వాసన. పక్కన ఎక్కడో ఉగ్గాని కలుపుతున్నారని చూడకుండానే చెప్పవచ్చు. శ్రీశైలం వెళ్తున్నాం. అల్లుడు బండి నడుపుతున్నాడు. అమ్మాయి వెనక సీట్లో కూర్చుని ఫోనులో హోటళ్లు వెతుకుతోంది.

“నాన్నా, ఇక్కడ చెప్పుకోదగ్గ హోటలేదీ కనిపించడం లేదు. దోర్నాల దాకా అంతా అడవే. ఎక్కడ తిందాం?” అంది.

నాకు నవ్వొచ్చింది. నా ఉద్యోగంలో మంచి వయసంతా ఈ చుట్టుపక్కలే గడిచింది. తూర్పున నల్లమల, దాని పాదాల దగ్గర వెలుగోడు జలాశయం, కాస్త పడమటికి వస్తే కేసీ (కర్నూలు-కడప) కాలువ, ఇంకా అవతలికి పోతే ఎర్రమల కొండలు. ఇప్పుడు ఇదంతా నంద్యాల జిల్లా. మేము తిరిగిన రోజుల్లో కర్నూలు జిల్లా. ‘ఎక్కడ తిందాం’ అన్న ప్రశ్న మాకు రోజూ పొద్దున బస్సెక్కిన దగ్గర నుంచే మొదలయ్యేది.

అమ్మాయిని ఫోను లోపల పెట్టమని, వాసన వచ్చిన వైపు నడిపించాను.

బండి దగ్గర ఒక కుర్రవాడు బక్కెట్లో నీళ్లు పెట్టుకుని, గోనెసంచిలోంచి బొరుగులు దోసిళ్లతో తీసి అందులో పోస్తున్నాడు. అరచేత్తో ఒక్కసారి లోపలికి అదిమి, వెంటనే పైకి తీసి, రెండు చేతుల మధ్య పిండి, వెదురు బుట్టలోకి విసురుతున్నాడు. పనితనమంతా ఆ పిండడంలోనే ఉంది. నీళ్లలో కాస్త ఎక్కువసేపు ఉంటే ముద్దయిపోతుంది, ముందే తీస్తే నమిలేటప్పుడు గట్టిగా తగులుతుంది. బాణలిలో అప్పటికే ఉల్లిపాయలు, కరివేపాకు, పసుపు, నూరిన పచ్చిమిర్చి వేగి ఉన్నాయి. బొరుగులు వేసి రెండు గరిటెలతో ఎగరేసి, పైన పుట్నాలపొడి చల్లి, నిమ్మకాయ పిండాడు. పక్క బాణలిలో మిరపకాయ బజ్జీలు. బజ్జీని తుంచి ఉగ్గానితో కలిపి నోట్లో పెట్టుకోవాలి. విడివిడిగా తినేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ జాలి.

మా రోజుల్లో దీన్ని పాత పేపరు మీద విస్తరాకు ముక్క వేసి ఇచ్చేవారు. ఇప్పుడు వెండి రంగు పూసిన అట్ట ప్లేటు. రుచి మారలేదు. అల్లుడు రెండో ప్లేటు అడిగాడు. వాళ్లది గోదావరి వైపు. పెళ్లయిన కొత్తలో ‘బొరుగులతో టిఫిన్ ఏమిటి మామయ్యా’ అన్న మనిషి.

*

నేను సహకార శాఖలో జూనియర్ ఇన్‌స్పెక్టరుగా చేరాను. ఊళ్లలోని పరపతి సంఘాల లెక్కలు తనిఖీ చేయడం పని. జనం నోట అవి సొసైటీలు. ఎర్రబస్సు దిగి, సొసైటీ తలుపు తీయించి, నగదు చిట్టా, అప్పుల లెడ్జర్లు, ఎరువుల స్టాకు రిజిస్టరు ముందేసుకుని కూర్చుంటే సాయంత్రం దాకా తల ఎత్తే పని లేదు. గోదాములో దూరి యూరియా బస్తాలు లెక్కపెట్టడం నా వంతు. వరసల మధ్య చీకటి, కళ్లు మండే ఘాటు, ఒక బస్తా తేడా వచ్చిందంటే మళ్లీ మొదటి నుంచి.

నాకు పని నేర్పిన సీనియర్ ఇన్‌స్పెక్టరు గారికి ఒక నియమం ఉండేది. లెక్కలు చూస్తున్న ఊళ్లో సెక్రటరీ ఇంటి అన్నం ముట్టకూడదు. ప్రెసిడెంటు ఇంటి మజ్జిగ కూడా తాగకూడదు. “కోడికూర తిన్న కంటికి కొరత కనిపించదయ్యా” అనేవారు. సెక్రటరీలకు ఇది మింగుడుపడేది కాదు. పెద్ద మనిషి ఊరికొస్తే అన్నం పెట్టకుండా పంపడం వాళ్లకు తలవంపు. అందుకని మేము ఒప్పుకోకపోయినా వండించేవాళ్లు. పదకొండు దాటేసరికి గోడ అవతల ఇంట్లో మసాలా నూరుతున్న రోలు చప్పుడు, ఆ తర్వాత నాటుకోడి ఉడుకుతున్న వాసన కిటికీలోంచి వచ్చేవి. నా చేతిలో పెన్ను ఆగిపోయేది. సీనియర్ గారు తల ఎత్తకుండానే “ఆ రెండో లెడ్జరు ఇటు తీయ్” అనేవారు.

సరే, తినకూడదు. మరి ఎక్కడ తినాలి? ఆ ఊళ్లలో హోటలంటే పొద్దున ఇడ్లీ, పొంగణాలు. తొమ్మిదిన్నరకల్లా గిన్నెలు బోర్లించేవారు. మధ్యాహ్నం టీ తప్ప ఏమీ దొరకదు. ఊళ్లో ఎవరింట్లో వాళ్లు తింటారు కాబట్టి డబ్బులిచ్చి అన్నం తినే అవసరం మాలాంటి వాళ్లకే. టీచర్లు, కాలువ పనులకు వచ్చిన ఓవర్సీర్లు, మందుల కంపెనీల కుర్రాళ్లు, మేము. మా అందరి కోసం ప్రతి రెండు మూడు ఊళ్లకు ఒకచోట ఎవరో ఒక ఇల్లాలు పదిమందికి ఎక్కువ బియ్యం పోసేది. బోర్డు ఉండదు. తెలిసినవాడు చెప్పాలి.

సీనియర్ గారి డైరీ వెనక పేజీల్లో ఈ చోట్లన్నీ రాసి ఉండేవి. గుండ్రటి అక్షరాలు, లెడ్జరులో రాసినంత శ్రద్ధ. ఏ ఊరు, బస్సు దిగాక ఎటు తిరగాలి, ఎన్ని గంటల లోపు వెళ్లాలి, ఏ రోజు వండరు. పక్కన ఒక ముక్క అభిప్రాయం కూడా. ‘పప్పు బాగుంటుంది. నెయ్యి అడగకూడదు’ అని ఒకచోట. ‘ముసలాయన రాజకీయాలు మాట్లాడతాడు, త్వరగా లేవాలి’ అని ఇంకోచోట. ఉద్యోగంలో చేరిన కొత్తలో శాఖ నిబంధనల పుస్తకం కన్నా ఆ పేజీలే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి.

*

నేను పుట్టింది నంద్యాలలో. చిన్నప్పుడు గిద్దలూరులో మేనత్త ఇంటికి వెళ్లాలంటే మీటర్‌గేజి రైలు. అవ్వ నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది. గాజులపల్లె దాటితే అడవి మొదలు. చలమ, బొగద, దిగువమెట్ట అని స్టేషన్ల పేర్లు నేను వరసగా అప్పజెప్పేవాణ్ని. కొండ ఘాటు ఎక్కేటప్పుడు బొగ్గు ఇంజను రొప్పుతూ, దిగి పక్కన నడవగలిగేంత నెమ్మదిగా వెళ్లేది. సొరంగం రాబోతోందని పెద్దవాళ్లు కిటికీలు దించేసేవారు. ఎంత దించినా పొగ లోపలికి వచ్చేది. చీకట్లో అవ్వ చెయ్యి నా నెత్తి మీదికి వచ్చేది. వెలుతురు రాగానే అందరి ముఖాల మీద మసి చూసి నవ్వుకునేవాళ్లం.

సొరంగం దాటేవరకు అన్నం మూట విప్పకూడదని అవ్వ ఆజ్ఞ. మసి పడుతుందని. మూటలో చిత్రాన్నం, చింతపండు పిండి ఎక్కువ పసుపు వేసినది, మోదుగాకు విస్తరిలో చుట్టి పైన తెల్లగుడ్డ కట్టి ఉండేది. ఆకు పసరు, చింతపండు, ఇంజను పొగ, ఈ మూడూ కలిసిన రుచి. ఇంట్లో అదే చిత్రాన్నం పెడితే నేను వద్దనేవాణ్ని.

స్టేషన్లలో అడవి పండ్లు అమ్మేవాళ్లు వచ్చేవారు. చలికాలం మొదట్లో సీతాఫలాలు గంపలతో, ఎండలు ముదిరితే తునికి పండ్లు, వానలు పడే ముందు నేరేడు. పండును బట్టి నెల చెప్పేది అవ్వ. తునికి పండు పగలగొడితే లోపల పసుపచ్చటి గుజ్జు, నాలుకకు కాస్త వగరు తగులుతూనే తియ్యగా ఉంటుంది. ఆ పండు ఇప్పుడు ఎక్కడా అమ్మగా చూడలేదు.

తర్వాత పెద్ద గేజి వేశారు, ఘాటులో దారి కూడా మార్చారు. పాత లైనులోని దొరబావి వంతెన మీద ఇప్పుడు రైలు నడవదు. కొత్త రైలు సొరంగంలోకి వెళ్లి వచ్చేది తెలియనే తెలియదు. అన్నం మూట విప్పేంత వ్యవధి కూడా ఉండదు.

గాజులపల్లెలో దిగితే మహానంది. కోనేరు అడుగున పడిన నాణెం బొమ్మా బొరుసా అని గట్టు మీద నుంచి చెప్పగలిగినంత తేటగా ఉంటుంది నీరు. గుడి పక్క నుంచి పారే ఆ నీటి కిందే అరటితోటలు. అక్కడ మేము తిన్నది అరటిపండ్లు, కొబ్బరి చిప్పలు, సత్రంలో వడ్డించిన పులిహోర. అంతకు మించి మహానంది భోజనం గురించి నాకు చెప్పడానికి లేదు.

*

ఈ ప్రాంతంలో విస్తరి చూసి నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చెప్పవచ్చు. సీనియర్ గారితో తిరిగిన రెండో ఏటికే నాకు ఇది పట్టుబడింది. కేసీ కాలువ కింద ఊళ్లలో తెల్లన్నం. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే 5204, ఆ కాలువ నీళ్లు తాగి కర్నూలు సోనాగా పేరు తెచ్చుకుంది. సన్నటి మెతుకు, రెండోసారి పప్పు కలిపినా విడివిడిగానే ఉంటుంది. కాలువ దాటి మెరక ఎక్కితే కొర్రన్నం, జొన్నరొట్టె. నంద్యాల పరిశోధన కేంద్రం వాళ్లు కొర్రలో సూర్యనంది అనే రకం తెచ్చారు. ఇప్పుడు పట్నంలో కొర్రలు షుగరు ఉన్నవాళ్ల తిండి అయ్యాయి. అప్పుడవి కాలువ అందని వాళ్ల తిండి. తెల్లన్నం వండుకోలేకపోయామని వడ్డించే మనిషి చిన్నబుచ్చుకుంటూ పెట్టేది. మేము లొట్టలు వేసుకుంటూ తినేవాళ్లం. ఆమె నమ్మేది కాదు.

చేపలు మాత్రం మాకు అలవాటు లేదు. వేసవిలో ఊరి చెరువు ఎండి బురద మిగిలినప్పుడు అందరూ దిగి పట్టుకునే జెల్లలు, కొర్రమీన్లు తప్ప ఏడాదంతా చేప అన్న మాటే ఉండదు. నంద్యాలలో పెరిగిన నాకు ముల్లు తీయడం కూడా సరిగా రాదు. ముల్లు తీయడం నేర్పింది వెలుగోడు అక్క.

డైరీలో వెలుగోడు పేజీలో ఉన్నది ఇది: ‘కట్ట వైపు పోయే దారిలో రెండో వీధి. వేపచెట్టు. పన్నెండున్నర. శనివారం చేప లేదు.’

తెలుగుగంగ పనులు సాగుతున్న రోజుల్లో ఆమె అక్కడ మెస్సు పెట్టింది. చెన్నైకి 15 టీఎంసీల తాగునీళ్లు ఇవ్వడానికి శ్రీశైలం వెనక జలాల నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల మీదుగా తవ్విన కాలువ వెలుగోడులో ఆగుతుంది. దాదాపు 17 టీఎంసీలు పట్టే జలాశయం. కట్ట పోసినన్నాళ్లూ టిప్పర్ల మోత, ఎర్రదుమ్ము, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు, మేస్త్రీలు. వాళ్లందరికీ ఆమె సంగటి చేసేది. సంగటి దించే వేళకు మేము చేరితే చూడటానికే బాగుండేది. నూకలు ఉడికిన బానలో రాగిపిండి కుప్పగా పోసి మూతపెట్టేది. పిండి ఆవిరికి మగ్గాక బానను కిందికి దించి, రెండు పాదాలతో అదిమిపట్టి, తెడ్డు రెండు చేతుల్లోకి తీసుకుని గెలికేది. ఉండ కట్టకుండా గెలకాలంటే నడుములో బలం ఉండాలి. తర్వాత చేతులు తడుపుకుని, పొగలు కక్కుతున్న సంగటిని అరచేతుల్లోకి తీసుకుని ముద్ద చేసి పళ్లెంలోకి జార్చేది. ఆ చేతులకు కాలడం అనేది ఉండేది కాదు.

ఆమెది వెలుగోడు కాదు. కృష్ణ ఒడ్డున ఉండే ఊరు. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు నిలిచే ముందు ఖాళీ చేయించిన ఊళ్లలో అదొకటి. ఇల్లు, రెండు కార్ల పంట పండే ఒండ్రు చేను, అన్నీ నీళ్ల కిందికి పోయాయి. ఆమె ఆ సంగతి ఎవరికీ వివరంగా చెప్పేది కాదు. కానీ ఏటి ఒడ్డున పుట్టిన మనిషి కాబట్టి చేప సంగతి తెలుసు. వెలుగోడులో నీళ్లు నిలబడి, మత్స్యశాఖ వాళ్లు వదిలిన పిల్లలు పెరిగి, తెప్పల వాళ్లు బొచ్చెలు, రాగండ్లు తెచ్చి కట్ట మీద పోసినప్పుడు ఊళ్లో చాలామంది ముక్కు మూసుకున్నారు. ఆమె ఒక్కతే బుట్ట పట్టుకుని వెళ్లింది.

చేప కడగడం ఆమెకు ఒక పూజ. పెరట్లో గరుకు బండ మీద బూడిద, రాళ్ల ఉప్పు వేసి ముక్క ముక్కనూ రుద్దేది. నీచు పోయిందో లేదో వాసన చూసి, నచ్చకపోతే మళ్లీ బూడిద. పులుసుకు ఉల్లిగడ్డలు నిప్పుల్లో కాల్చి నూరేది. మెంతులు, ధనియాలు, ఎండుకొబ్బరి విడిగా వేయించి దంచేది. మామిడికాయ దొరికే రోజుల్లో చింతపండు తగ్గించేది. మట్టికుండలో ముక్కలు వేశాక గరిటె పెట్టేది కాదు, కుండను గుడ్డతో పట్టుకుని తిప్పేది. రాత్రి చేసిన పులుసు మర్నాడు మధ్యాహ్నం పెట్టేది. “ఈ రోజుది పెట్టక్కా” అని అడిగితే “ఈ రోజుది ఇంకా పులుసు కాలేదు నాయనా” అనేది.

మొదటిసారి నేను ముల్లు చూసి భయపడి పక్కకు నెడుతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నా విస్తరిలోని ముక్కను తోక వైపు నుంచి బొటనవేలితో ఒత్తి, వెన్నుముల్లు చెక్కుచెదరకుండా పైకి లాగి చూపించింది. “తల నుంచి మొదలుపెడితే అన్నీ విరుగుతాయి. తోక నుంచి రావాలి.” సీనియర్ గారు నా వంక చూసి “ఆడిట్ కూడా అంతే. చివరి పేజీ నుంచి మొదలుపెట్టాలి” అన్నారు. ఆయనకు ప్రతిదీ ఆడిటే.

ఎండలు ముదిరి శ్రీశైలం నీటిమట్టం బాగా తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఏడు నదులు కలిసే చోటు, లోపల వేపమొద్దు లింగం. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ల కిందే ఉంటుంది. గుడి శిఖరం కనిపించిందని పేపర్లో వచ్చిన రోజు నుంచి అక్క మెస్సుకు తాళం పడేది. వాళ్ల ఊరి వాళ్లంతా ఎక్కడెక్కడి నుంచో అక్కడ కలిసేవారట. తిరిగొచ్చాక మామూలుగానే వడ్డించేది. ఒక ఏడాది మాత్రం, “మా వాకిట్లో బండ కనిపించింది నాయనా, చేప రుద్దే బండ” అని నవ్వుతూ చెప్పింది. “తెచ్చుకోకపోయావా అక్కా” అన్నారు సీనియర్ గారు. “ఎత్తి చూశాను సార్. ఒక్కదాని వల్ల కాలేదు” అంది.

ఇప్పుడు ఆ వీధిలో మెస్సు లేదు. వేపచెట్టు ఉంది. కట్ట దగ్గర చేపలు వేయించి అమ్మే బండ్లు వచ్చాయి. ఎర్రరంగు కలిపిన మసాలా పట్టించి, నూనెలో ముంచి తీస్తారు. వేడిగా తింటే బాగానే ఉంటుంది. అది చేప రుచా మసాలా రుచా అని అడిగితే మాత్రం నేను జవాబు చెప్పను.

*

ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి శ్రీశైలానికి పాత నడకదారి ఉంది. నాగలూటి వీరభద్రస్వామి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్రలో చదివాం. నడిచేటప్పుడు మాత్రం మోకాళ్లు ఆయన్ను వేరే విధంగా తలుచుకుంటాయి. ఉద్యోగంలో చేరకముందు ఒకసారి, చేరాక స్నేహితులతో ఇంకోసారి ఆ దారిన నడిచాను. మామూలు రోజుల్లో అది పులుల అడవి, ఎవరినీ పోనివ్వరు. శివరాత్రికి, ఉగాదికి మాత్రం తెరుచుకుంటుంది.

ఉగాదికి వచ్చేది కన్నడ భక్తులు. భ్రమరాంబ వాళ్లకు ఆడపడుచు. సారె మోసుకుని వందల కిలోమీటర్లు నడిచి వస్తారు, కొందరు కర్రకాళ్లు కట్టుకుని మరీ. రాళ్ల దారిలో ఆ కర్రల టకటక చప్పుడు ముందు వినిపించి, తర్వాత మనిషి కనిపించేవాడు. వాళ్ల మూటల్లో అప్పడంలా ఎండిన జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి. విరిచి, పొడి అద్దుకుని, నడుస్తూనే తింటారు. నెల రోజులైనా పాడుకావు. ఒక ముసలాయన నాకు సగం రొట్టె విరిచి ఇచ్చాడు. నాకు కన్నడం రాదు, ఆయనకు తెలుగు రాదు. మల్లయ్య పేరు ఇద్దరికీ వచ్చు.

పెద్దచెరువు దగ్గర అడవి మధ్యలో నీళ్లు, ఒడ్డున చెంచుగూడెం. పగలంతా ఎండకు ఆకు రాలిన టేకు చెట్ల మధ్య నడిచి వచ్చినవాళ్లకు ఆ చెరువు కనిపించగానే ప్రాణం లేచివస్తుంది. అక్కడ పందిళ్లు వేసి అన్నదానం చేసేవారు. ఎవరు పెడుతున్నారని ఎవరూ అడగరు, మీరెవరని వాళ్లూ అడగరు. నేల మీద బారుగా కూర్చుంటే విస్తరిలో అన్నం, పప్పు, చింతపండు చారు. పప్పులో ఉప్పు సరిపోలేదని నాకు బాగా గుర్తు. రెండోసారి వడ్డించుకున్నానని కూడా గుర్తే. పక్కన ఒక చెంచు పిల్లవాడు కాల్చిన గడ్డ ఒలుచుకు తింటూ, మేము అంత ఆత్రంగా తినడాన్ని వింతగా చూస్తున్నాడు. వాడి గడ్డలో ముక్క అడిగి తీసుకున్నాను. పిండిపిండిగా, పొగ వాసనతో ఉంది.

శ్రీశైలం చేరితే తిండికి కొదవ లేదు. కులానికో సత్రం, పూటకో పంక్తి. దేవస్థానం అన్నదానం సరేసరి. చిన్నప్పటి నుంచీ నాకు అక్కడ నచ్చనిది ఆ మొదటిదే. నడకదారి పందిట్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో తెలియకుండా తిని, పైకి వెళ్లగానే ఏ సత్రమని అడిగించుకోవడం.

*

ఎర్రమల వైపు మాకు ఏడాదికి ఒక విడత పని పడేది. బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు. నాపరాళ్ల గనుల మధ్య ఊళ్లు. మామిడి కాలంలో అయితే బనగానపల్లెలో అన్నం సంగతి ఎవరూ ఎత్తరు. బేనిషాన్ పండ్లు నాలుగు, పెరుగన్నం ఇంత. మిగతా రోజుల్లో జొన్నరొట్టె. సాయంత్రం ఆఖరి బస్సు కోసం కూర్చుంటే ఊరంతా ఒకటే చప్పుడు వినిపించేది. ప్రతి ఇంట్లో వేడినీళ్లతో కలిపిన జొన్నపిండిని పీట మీద అరచేత్తో తట్టే చప్పుడు. ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో మొదలు. ఈ మధ్య అటు వెళ్తే సాయంత్రం వినిపించింది టీవీలే. రొట్టెలు రోడ్డు పక్క చేసి అమ్ముతున్నారు, ఇళ్లవాళ్లే పొట్లం కట్టించుకుపోతున్నారు. అవుకు చెరువు ఇప్పుడు జలాశయమై నిండా నీళ్లతో ఉంది, పడవలు తిరుగుతున్నాయి. చేప దొరుకుతుంది. అక్కడ రొట్టెలోకి చేపలపులుసు పెడుతున్నారు. ఈ కలయికను వెలుగోడు అక్క ఒప్పుకునేదో లేదో.

*

ఆ రోజు ఉగ్గాని తిన్నాక అడవిలోకి దిగాం. బైర్లూటి, రోళ్లపెంట దాటుతుంటే కోతులు రోడ్డుకు రెండు పక్కలా కూర్చుని ఉన్నాయి. అమ్మాయి బిస్కెట్లు విసరబోతే వద్దన్నాను. కార్ల వాళ్లు విసిరే తిండికి అలవాటుపడి అవి రోడ్డు వదలడం లేదు, చక్రాల కింద పడుతున్నాయి. రాత్రి తొమ్మిదికి దోర్నాల దగ్గర గేటు వేస్తారు కాబట్టి తిరుగు ప్రయాణం మర్నాటికి పెట్టుకున్నాం. దర్శనమయ్యాక అల్లుడు చేప అన్నాడు. కొండ మీద దొరకదు. డ్యాము కిందికి, లింగాలగట్టుకు తీసుకెళ్లాను. అక్కడ వేట చేసేది ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన కుటుంబాల వాళ్లు. జలాశయం ఏర్పడ్డాక వచ్చి స్థిరపడ్డారు. ఒకామె వేయించి ఇచ్చిన ముక్కను అల్లుడు తల వైపు నుంచి తుంచబోయాడు. తోక నుంచి రావాలని చెప్పాను. గోదావరి మనిషికి చేప తినడం నేర్పిన కర్నూలు మామ అని అమ్మాయి రెండు రోజులు నవ్వింది.

సీనియర్ గారు రిటైరయ్యాక కొన్నాళ్లకు నాకు ఒక ఆదివారం కబురు పెట్టారు. బస్టాండుకు రమ్మని, చేతిలో సంచి కూడా వద్దని. వెళ్తే పాత డైరీ పట్టుకుని నిలబడి ఉన్నారు. చివరి పేజీ కాకుండా దాని ముందు పేజీ తీసి చూపించారు. ఇన్నేళ్లూ నేను చూడని జాబితా. అవే గుండ్రటి అక్షరాలు. ఊరి పేరు, దాని ఎదురుగా: ‘నాటుకోడి, అలసంద వడలు’. ఇంకో ఊరు: ‘ఓళిగలు, నెయ్యి వాసన గట్టిగా’. ఇంకోటి: ‘పొట్టేలు అనుకుంటాను’. కిటికీలోంచి వచ్చిన ప్రతి వాసనా నమోదయి ఉంది. తల ఎత్తకుండా రెండో లెడ్జరు అడిగిన మనిషి!

“ఇప్పుడు నేను ఎవరి లెక్కలూ చూడను కదయ్యా” అన్నారు.

ఆ ఏడాది ఆదివారాల్లో వీలైనప్పుడల్లా ఒక్కో ఊరు వెళ్లాం. కొందరు సెక్రటరీలు పోయారు, కొందరు పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు మొదట భయపడేవారు, పాత ఆడిటేదో తిరగదోడుతున్నారేమోనని. బండి ఆత్మకూరు అని ఇంకో ఊరుంది, దాని దగ్గర ఒక పల్లెలో పాత సెక్రటరీ మమ్మల్ని చూడగానే బీరువా తాళాల కోసం లోపలికి పరుగెత్తాడు. సీనియర్ గారు వాకిట్లో చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, నేరుగా వంటింటి వైపు తిరిగి, “అమ్మా, ఆ రోజు అలసంద వడలు చేశారు. ఈ రోజు ఉన్నాయా?” అని అడిగారు. అప్పటికప్పుడు నానబోసి, రుబ్బి, వేసేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆయన పీట మీద నుంచి కదల్లేదు. ప్రతి వాయీ లెక్కపెట్టారు.